ఏడు బోర్ల హార్మోనియం

ఆరు బోర్లు పలికాయి, ఏడోది మాత్రం నోరు మెదపలేదు. పోయిన వారం శివలీలను మనం ఆ దిగులులోనే వదిలి వచ్చాం.

కర్నూలు పాతబస్తీలో తండ్రి మద్దిలేటి నడిపిన హార్మోనియం రిపేరు అంగడికి తాళం వేసి ఆమె ఈ పల్లెకు వచ్చి ఎనిమిది నెలలైంది. వచ్చింది భజన మందిరంలో మూలపడిన హార్మోనియం కోసం. ఆ పని ఒక్క పూటలో అయిపోయింది. మధ్యాహ్నం బస్సుకు నడిచిపోతూ సుబ్బరత్నమ్మ చేని గట్టున ఒక నాపరాయి కింద నుంచి సన్నటి ఈల వినబడితే ఆగింది. రాయి పక్కకు జరిపి చూస్తే నీళ్లు పడక వదిలేసిన బోరు. లోపలి నుంచి చల్లటి గాలి ముఖానికి కొట్టింది. అట్లాంటివి ఆ చేలో ఏడున్నాయని తెలిసేసరికి బస్సు ఆమె లేకుండానే కోవెలకుంట్ల దారి పట్టింది.

ఆ నేల కింద అంతా సున్నపురాయి. రాతిలో కంటికి కనబడని సందులు, బొరియలు. ఎండ ముదిరేకొద్దీ బోర్లు గాలి వదులుతాయి, పొద్దు గూకినాక పీల్చుకుంటాయి. ఈ సంగతి శివలీల ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఒక్కో బోరు మీద అరచెయ్యి పెట్టుకుని దినాల తరబడి కూర్చుని తెలుసుకుంది. హార్మోనియానికైతే తిత్తి ఊపడానికి ఒక చెయ్యి కావాలి. ఇక్కడ ఊపే పని భూమే చూసుకుంటోంది. కాబట్టి కర్నూలు నుంచి తండ్రి ట్రంకుపెట్టె తెప్పించుకుంది. చచ్చిపోయిన హార్మోనియాల నుంచి ముప్పై ఏళ్లపాటు ఆయన ఊడదీసి దాచిన ఇత్తడి రీడ్లు, గాలి తగిలితే పలికే సన్నటి రేకులు, అందులో వేలకు వేలున్నాయి. ప్రతి బోరుకూ నడిమిన చిల్లి పెట్టిన నాపరాయి మూత, మూత మీద టేకు పెట్టె, పెట్టెలో ఒక రీడు. ఆదివారాలు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వచ్చి గట్ల మీద కూర్చుని వినసాగారు.

అది గిట్టనివాడు ఒక్కడే ఉన్నాడు. పేరు ఓబుళేశు. ఒకప్పుడు అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేలల్లో నడిచి, కాయ నిట్టనిలువునా లేచిన చోట బోరు వేయమని చెప్పినవాడు. నోరు తెరిచి ఉన్న బోర్లు మూసెయ్యాలన్న నోటీసు ఊళ్లోకి వచ్చిన రోజున, శుక్రవారం పొద్దు గూకేలోగా ఆ ఏడింటినీ తన చేత్తోనే పూడుస్తానని పాలకేంద్రం దగ్గర పదిమందిలో చెప్పి వెళ్లాడు.

ఆ శుక్రవారం వచ్చింది.

పొద్దున్నుంచీ శివలీల ఏడో బోరు దగ్గరే ఉంది. గాలి మిగతా వాటికన్నా ఇక్కడే ఎక్కువ. అయినా రీడు పలకడం లేదంటే తప్పు పెట్టెలో ఉండాలి. మూడుసార్లు విప్పి మూడుసార్లు బిగించింది. చివరికి కడుపు మీద పడుకుని, మూతకూ కేసింగ్ పైపుకూ మధ్య సందు వెంబడి తడి వేలు తిప్పుతూ పోతే, ఒకచోట వేలు చల్లబడింది. గాలి అక్కడ తప్పించుకుపోతోంది. పాత తిత్తి తోలు ముక్క కత్తిరించి తేనెమైనం రాసి ఆ సందులో కూరింది. సన్నటి రీడు తీసేసి, ట్రంకు అడుగు నుంచి తన చూపుడు వేలంత పొడుగు రీడు తెచ్చి బిగించింది. అది ఏదో పాత చర్చి హార్మోనియంలోది. ఎంత గాలి తోసినా తొందరపడని రీడు అని తండ్రి దాన్ని ఎవరికీ వేయకుండా అట్టే పెట్టుకున్నాడు.

రెండున్నర దాటింది. కోతలయిపోయిన శనగ చేలు తెల్లగా మెరుస్తున్నాయి. ఎండకు దూరాన ఎర్రగుట్ట నీళ్లలో నీడలాగా కదులుతోంది. పెట్టె మూసి శివలీల వెనక్కి జరిగి కూర్చుంది.

మొదట ఏమీ లేదు. తర్వాత కూర్చున్న నేల సన్నగా వణికినట్టనిపించింది. ఆ వణుకు అరికాళ్ల నుంచి మోకాళ్లకు, మోకాళ్ల నుంచి రొమ్ములోకి ఎక్కి, అక్కడ ధ్వని అయింది. లోతైన, మెత్తటి మంద్రం. ఎవరో పెద్దమనిషి మాట మొదలుపెట్టబోయి గొంతు సవరించుకుంటున్నట్టుంది. తక్కిన ఆరూ అప్పటికే పలుకుతున్నాయి. ఇన్నాళ్లూ ఒకదానికొకటి పొంతన లేకుండా వినబడే ఆ ఆరు గొంతులు ఏడోదాని మీద ఒక్కొక్కటే వచ్చి కూర్చున్నాయి. ఏ రాగమూ కాదు. దానికి మొదలు లేదు, చివర లేదు. చేను మొత్తం పలికింది. గట్టు మీద మేస్తున్న గొర్రెలు తలలెత్తి, అట్లాగే నిలబడిపోయాయి.

శివలీల కళ్లు మూసుకుంది. తాను ఏడుస్తున్నట్టు చెంపలు తడిశాకే ఆమెకు తెలిసింది. తండ్రి ఉంటే ఏమనేవాడో ఊహించబోయింది గాని, ఆయన ఇట్లాంటి సమయాల్లో మాట్లాడే మనిషి కాదు. చెవి పక్కకు వంచి, బీడీ ఆర్పేసి, ఇంకాసేపు వినేవాడు, అంతే.

ఎంతసేపట్లా కూర్చుందో తెలియదు. కళ్లు తెరిపించింది ట్రాక్టరు చప్పుడు.

ట్రాలీ నిండా కంకర, దాని మీద నాపబండలు. నడుపుతున్నవాడు ఉరుకుందు, ఊళ్లో అందరి పనులకూ బండి తోలే మనిషి. పక్కన మడ్‌గార్డు మీద ఓబుళేశు. ఉరుకుందు బండి ఆపి దిగకుండా స్టీరింగు మీద గడ్డం ఆనించుకుని కూర్చున్నాడు. ఈ పని తనకు ఇష్టం లేదని ఆ కూర్చోవడంలోనే తెలుస్తోంది. ఓబుళేశు మాత్రం దిగి, తలపాగా విప్పి నడుముకు చుట్టుకుని, ఎవరి సాయమూ అడక్కుండా ఒక బండను ట్రాలీ నుంచి భుజానికెత్తుకున్నాడు. అరవై దగ్గరపడ్డ మనిషి. బండ బరువుకు మెడనరాలు ఉబ్బాయి.

ఆయన నేరుగా ఏడో బోరు దగ్గరికే వచ్చాడు. శివలీల పెట్టెకు అడ్డంగా నిలబడింది. మూతలన్నీ బోల్టులతో బిగించానని, చీమ కూడా లోపలికి పోలేదని, మండలాఫీసు నుంచి మనిషి వచ్చి చూసి ఇట్లా ఉంటే చాలని చెప్పి పోయాడని గుక్కతిప్పుకోకుండా చెప్పింది. ఆయన విన్నాడు. విని, నోటీసు కోసం తాను రాలేదన్నాడు.

"పాపా, నువ్వు పట్నం దానివి, నీకు ఇది పాట. నాకు ఇవి ఏడు తప్పులు. ఏడు తప్పులకూ ఏడు గొంతులు పెట్టి ఊరంతటికీ వినిపిస్తాండావు. ఆదివారం నేను ఇంట్లో తలుపులేసుకోని కూసుంటా. ఐనా ఇనబడ్తాది."

ఎనిమిది నెలల్లో శివలీల ఈ బోర్ల లోతు అడిగింది, రాయి రంగు అడిగింది, ఏ అడుగున నీళ్లకు బదులు దుమ్ము లేచిందో కూడా అడిగింది. ఈ చోట్లు చూపించిందెవరని మాత్రం ఒక్కసారీ అడగలేదు. ఊళ్లో కొందరు ఓబుళేశును 'దుమ్ము ఓబుళేసు' అని పిలవడం ఆమె విన్నది. అది ఇంటిపేరేమో అనుకుంది. ఇప్పుడు ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమయ్యేసరికి సిగ్గుతో ఒళ్లు వేడెక్కింది. పెట్టె ముందు నుంచి ఆమె తప్పుకోలేదు గాని, అడ్డం పెట్టిన చేతులు వాటంతటవే కిందికి దిగాయి.

ఆ సమయానికి సుబ్బరత్నమ్మ వచ్చింది. చేను ఆమెది. మొగుడు సుబ్బయ్య పోయినప్పటి నుంచి ఒంటిచేత్తో సేద్యం చేస్తోంది. నల్ల గొడుగు పట్టుకుని గట్టు వెంబడి నెమ్మదిగా వచ్చి, ఓబుళేశుకు నాలుగడుగుల దూరంలో ఆగి, గొడుగు ముడిచింది. అంత ఎండలో ఎందుకు ముడిచిందో ఎవరికీ అర్థం కాలేదు.

"ఓబుళేసూ, ఆ బండ దించు నాయనా. ఏడోది నీ తప్పు గాదు. నాది."

ఓబుళేశు దించలేదు. ఆమె వైపు చూడనూలేదు. ఆమె మాత్రం ఆగకుండా, ఎన్నాళ్లనుంచో లోపల్లోపల వల్లించుకుంటున్న మాటలను బయట పెడుతున్నట్టు, మెల్లగా చెప్పుకుపోయింది.

"కాయ చేతిలో పెట్టుకోని ఈడనే నిలబడి నువ్వేమన్నావో నాకు మాట మాటా గుర్తుండాది. కాయ లేచింది గాని ఇది నీళ్లకు లేచినట్ల లేదక్కా, ఇది వేరే ఏందో, రొన్నాళ్లు ఆగు అన్నావు. నేను ఆగలా. బోరుబండి పక్కూర్లోనే ఉండాదని పిలిపిచ్చినా. దుమ్ము లేచినంక ఊరు నిన్ను చూసి నవ్వుతాంటే నోరు మూసుకోని ఉండిపోయినా. పదకొండేండ్లు. ఈ పాప వచ్చి దీనికి గొంతు పెడతానంటే నేనెందుకు ఒప్పుకున్నా అనుకుంటివి? నేను చెప్పలేంది ఇదన్నా చెప్తాదేమోనని."

ట్రాక్టరు మీద ఉరుకుందు గడ్డం ఎత్తి చూశాడు. అతను వింటున్నాడని సుబ్బరత్నమ్మకు తెలుసు. వినాలనే అంత స్పష్టంగా చెప్పింది. ఉరుకుందు విన్నాడంటే రేపు పొద్దునకు పాలకేంద్రం దగ్గర అందరూ విన్నట్టే.

బోర్లు పలుకుతూనే ఉన్నాయి. ఓబుళేశు వంగి బండను నేల మీద ఆనించాడు. నడుము ఎత్తడానికి ఆయనకు కొంచెం సమయం పట్టింది.

"నాకు తెల్దా అక్కా," అన్నాడు. గొంతులో కోపం లేదు. "నువ్వు చెప్తావేమోనని శానా దినాలు చూసినా. ఆ యెనక చూసేది మానుకున్నా."

సుబ్బరత్నమ్మ ముఖం తిప్పుకుంది. తనను క్షమించమని ఆమె అడగలేదు, ఆయన క్షమించాననీ అనలేదు. పదకొండేళ్లు అంత తొందరగా కదిలే బరువు కాదు. ఆయన తెచ్చిన బండ మీదే ఆయన కూర్చున్నాడు. ఆమె మళ్లీ గొడుగు విప్పి, ఆయన తల మీదికి కూడా నీడ వచ్చేట్టు పక్కన నిలబడింది. ఆయన తప్పుకుని పోలేదు. ఆ రోజుకు వాళ్లిద్దరి మధ్య జరిగింది అంతవరకే.

కాసేపయ్యాక ఓబుళేశు ఎవరినీ చూడకుండా ఒక మాట అడిగాడు. నీళ్లు లేనప్పుడు మరి కాయ దేనికి లేచినట్టని. పదకొండేళ్లుగా ఆయన తనను తానే అడుగుతున్న ప్రశ్న అదేనని శివలీలకు తోచింది. కాయ సంగతి ఆమెకు తెలియదు. అది నిజమో భ్రమో చెప్పే తాహతు తనకు లేదని అనుకుంది. తెలిసింది ఒక్కటే ఉంది. అది చెప్పడం కన్నా చూపడం మేలనిపించి, ఆయన్ను ఏడో బోరు దగ్గరికి రమ్మని పిలిచింది.

పెట్టె మీద గాలి బయటికి పోయే చిల్లి ఉన్న పలక ఉంటుంది. దాని మీద అరచెయ్యి ఒత్తి మూయమంది. ఓబుళేశు అనుమానంగానే చెయ్యి పెట్టాడు. మంద్రం ఆగిపోయింది. వెంటనే, రెండు వందల గజాల అవతల, చింతచెట్ల పక్కనున్న మూడో బోరు గొంతు పెంచింది. చెయ్యి తీయమంది. మంద్రం తిరిగి వచ్చింది, మూడోది తగ్గిపోయింది.

"ఇక్కడ మూస్తే గాలి అక్కడికి పోతోంది, పెద్దాయనా. ఏడూ ఒకటే తిత్తికి బిగించిన మెట్లు. కింద ఎంత పెద్ద డొల్ల ఉండాలో చూడండి. ఈ చేనంత ఉంటుంది, ఇంకా ఎక్కువే ఉంటుందేమో. మీ చేతికి తగిలింది అదేనేమో."

ఆయన మళ్లీ మూశాడు, మూడోది పెరిగింది. తీశాడు, తగ్గింది. ఈసారి సగం మాత్రం మూశాడు. రెండు గొంతులూ నడిమధ్యలో ఒకదాన్నొకటి ఆనుకుని సన్నగా ఊగాయి. ఆయన వేళ్లు కదుపుతుంటే దూరాన ఆ ధ్వని కదిలింది. నీళ్ల కోసం నేల మీద నడిచి నడిచి ఓడిపోయిన మనిషి, ఆ నేల ఊపిరిని అరచేత్తో పట్టి వదులుతూ మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆయన ముఖంలో ఏమి కదులుతోందో శివలీల చూడదలచుకోలేదు. చూపు పక్కకు తిప్పుకుంది. ఉరుకుందు ఎప్పుడు దిగి వచ్చాడో, చెప్పులు విడిచి గట్టు మీద కూర్చుని ఉన్నాడు.

పొద్దు వాలడానికి ఇంకా గంట ఉందనగా శివలీల ముక్కుకు ఏదో వాసన తగిలింది. మొదట ఎవరో నారింజ పండు ఒలిచారేమో అనుకుంది. చుట్టూ చూస్తే ఎవరి చేతిలోనూ పండు లేదు. ఆ వాసన వెనకాలే ఇంకొకటి, మరువం వాసన. ఆ రెంటినీ మోసుకొస్తున్న పొగ వాసన. సాంబ్రాణి.

ఊరు ఈ చేనికి మైలు దూరం. గాలి వీస్తున్నది చేను నుంచి ఊరి వైపు. ఇంట్లో ధూపం వేసి వచ్చావా పెద్దమ్మా అని సుబ్బరత్నమ్మను అడిగింది. ఆమె లేదంది. శివలీల వంగి పెట్టె దగ్గర ముక్కు పెట్టింది. వాసన బోరులో నుంచి వస్తోంది.

చెప్పేలోపే ఓబుళేశుకు తెలిసిపోయింది. పలక మీద చెయ్యి అట్లాగే ఉంది గాని ఆ చేతిలో కదలిక లేదు. ఆయన మాట్లాడినప్పుడు ఆ మాట ఎవరితోనూ అన్నట్టు లేదు.

"ఇది మా సుంకమ్మ సాంబ్రాణి."

సుంకమ్మ ఎవరో శివలీలకు తెలియదు. సుబ్బరత్నమ్మ తగ్గు గొంతుతో చెప్పింది. ఓబుళేశు భార్య. ఇంట్లోనే ధూపం పొడి చేసి సంతల్లో అమ్మేది. సాంబ్రాణిలో మరువం, ఎండిన నారింజ తొక్కలు దంచి కలిపేది. అట్లా కలిపేవాళ్లు ఈ చుట్టుపక్కల మరొకరు లేరు. ఈ బోరులో దుమ్ము లేచిన తర్వాత ఓబుళేశు ఇంట్లో మాట్లాడటం మానేశాడు. ఆ మూగతనాన్ని ఆమె ఒక ఏడాది ఓర్చుకుంది. ఒకనాడు పొడి దంచే రోలును కడిగి బోర్లించి ఎటో వెళ్లిపోయింది. డోన్ స్టేషనులో చూశామన్నవాళ్లున్నారు, కడప దర్గా దగ్గర చూశామన్నవాళ్లున్నారు. ఆయన రెండు చోట్లా వెతికి ఉత్త చేతులతో తిరిగి వచ్చాడు.

ఆ వాసన ఆయన మనసు కల్పించుకున్నదేమో అని శివలీలకు ఒక్క క్షణం అనిపించింది. కానీ నారింజ తొక్క వాసన ముందు పట్టింది తనే. సుంకమ్మ పేరు కూడా వినని తనకు ఆ వాసనను కల్పించుకోవాల్సిన పని లేదు.

ఓబుళేశు ఆమె వైపు తిరిగాడు. బండ భుజాన వేసుకుని వచ్చిన మనిషి ఈయనేనా అన్నట్టున్నాయి ఆ కళ్లు.

"పాపా, ఈ గాలి యా పక్కనుంచి వస్తాందో నీ పెట్టెలు చెప్తాయా?"

చెప్తాయో లేదో ఆమెకూ తెలియదు. లేచి ఒక్కో బోరు దగ్గరికి దాదాపు పరుగెత్తింది. ఉరుకుందు రెండో వైపు పోయాడు. ఊరివైపున్న ఒకటి, రెండు బోర్లలో రాతి వాసన తప్ప ఏమీ లేదు. నాలుగులో లేదు, మూడులోనూ లేదు. అయిదులో ఉందా లేదా అన్నట్టుంది. ఆరులో ఉంది. ఏడులో అన్నింటికన్నా చిక్కగా ఉంది. అయిదు, ఆరు, ఏడు. మూడూ ఒకే వరసలో ఎర్రగుట్ట వైపు సాగుతాయి. ఆ గుట్ట మీద ఇల్లు లేదు, గుడి లేదు, దారి కూడా లేదు. గుహ ఉన్నట్టు ఎవరూ ఎన్నడూ చెప్పలేదు. పైన ఎక్కడో ఒక నోరుంటే, ఆ నోటి దగ్గర వేసిన ధూపాన్ని కొండ లోపలికి పీల్చుకుని ఇక్కడ వదులుతోందన్న మాట.

ఆయాసపడుతూ ఏడో బోరు దగ్గరికి తిరిగి వచ్చి ఆ మాట చెప్పబోతుండగా మంద్రం టక్కున ఆగిపోయింది.

శివలీల ఓబుళేశు చేతుల వైపు చూసింది. రెండు చేతులూ ఆయన ఒళ్లో ఉన్నాయి. పలక మీద ఎవరి చెయ్యీ లేదు.

రెండు క్షణాల తర్వాత మళ్లీ పలికింది. మళ్లీ ఆగింది. మళ్లీ పలికింది. రీడు చెడితే గరగరమంటుంది, గాలి తగ్గితే మెల్లగా సన్నబడుతుంది. ఇది ఆ రెండూ కాదు. ఈ చివర ఓబుళేశు అరచేత్తో మూసి తెరిచినప్పుడు ఎట్లా తెగిందో అచ్చం అట్లాగే తెగుతోంది. ఆ చివర ఎవరో గాలికి అడ్డం వచ్చి, తప్పుకుంటున్నారు.

ఎవరూ చెప్పకుండానే ఓబుళేశు ముందుకు వంగాడు. అరచేతిని పలక మీద ఆనించి మూశాడు, తీశాడు. మూశాడు, తీశాడు. మూడోసారి మూసి, కొంచెం ఎక్కువసేపే ఉంచి, తీశాడు. చెయ్యి వెనక్కి తీసుకుని రొమ్ముకు అదుముకున్నాడు.

మంద్రం ఒకే తీరుగా సాగింది. సుబ్బరత్నమ్మ గొడుగు నేల మీద పడిపోయి ఉంది, ఎవరూ తీయలేదు. గుట్ట నీడ చేని దాకా సాగింది.

ధ్వని ఆగింది.

పలికింది.

రెండోసారి ఆగింది. పలికింది.

మూడోదాని కోసం చెవి ఒగ్గి ఓబుళేశు కళ్లు గట్టిగా మూసుకున్నాడు.